పిల్లకి నలుగు పెట్టేటప్పుడు ఏం మాట్లాడాలి

ఆదివారం తలంటు. మా పాపకి అప్పటికి ఆరేళ్ళు. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, ఒంటికి కొబ్బరినూనె పట్టించి, పెసరపిండితో చేతులు రుద్దుతున్నాను. "ఇంకొంచెం గట్టిగా రుద్దమ్మా" అంది. దురద పెడుతోందేమో అనుకుని మోచేతుల దగ్గర రుద్దాను. "అక్కడ కాదు, ఇక్కడ" అని బుగ్గలు చూపించింది. "రోజూ రుద్దితే యానివర్సరీకి తెల్లగా అయిపోతాను కదా?" డాన్సులో ముందు వరస తెల్లగా ఉన్న పిల్లలకేనట. ఆ మాట అన్నది తోటి పిల్లలనుకున్నాను. కాదు, డాన్సు నేర్పే ఆవిడే.

ఆవిడ మీద కోపం వచ్చింది, రావాలి కూడా. కానీ చేతిలో ఉన్న పిండి ముద్ద చూసుకుంటే అసలు సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందు వారం "బాగా రుద్దితే రంగు తేలుతుందే" అన్నది నేనే. మా అమ్మ నాతో అన్న మాటే, ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చేసింది. రాజోలు వైపు ఒక పేటలో పుట్టి పెరిగినదాన్ని, రంగు చూసి ఒకరు, పేట పేరు విని ఇంకొకరు ఎలా తక్కువ చేస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా నా చేత్తోనే నా పిల్ల ఒంటిని పాత గిన్నె తోమినట్టు తోముతున్నాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మా ఇంట్లో ఏం మార్చామో, ఏది పని చేసిందో, ఏది బెడిసికొట్టిందో రాస్తున్నాను. మీ ఇంటికి ఏది పనికొస్తే అది తీసుకోండి.

ముందు పెద్దాళ్ళ నోరు

పిల్లకి "నువ్వు బంగారం" అని వందసార్లు చెప్పి, పక్కగదిలో పెళ్ళిసంబంధం గురించి "పిల్ల కాస్త రంగు తక్కువ గానీ కళగల మొహం" అన్నామంటే, ఆ వంద మాటలూ గంగలో కలిసినట్టే. పిల్లలు "కళగల" అన్నది వినరు. "గానీ" అన్నది వింటారు. మా ఇంట్లో అందుకని మొదట చేసిన పని, ఎవరెవరు ఏమేం అంటున్నామో ఒక వారం రోజులు గమనించడం. నాకు దొరికినవి ఇవి: ఎండలో తిరిగితే నల్లబడతావు. ఆ రంగు గౌను నీకు నప్పదు. ఎర్రగా బుర్రగా ఎంత బాగున్నాడో పిల్లాడు. మా ఆడపడుచు కడుపుతో ఉంటే పాలల్లో కుంకుమపువ్వు వేసుకోమని నలుగురు చెప్పారు, బిడ్డ ఏ రంగులో పుట్టాలో ఆ పాలగ్లాసు తేల్చేస్తుందన్నట్టు.

"నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత కూడా పెద్ద సాయమేం చెయ్యదని నా అభిప్రాయం. నల్లగా ఉన్నవాళ్ళని మెచ్చుకోవడానికి ఏకంగా దేవుడి సిఫార్సు కావాలా?

పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకుంటే పని జరగదు. మా అత్తగారితో నేను మొదట గొడవే పెట్టుకున్నాను, రెండు రోజులు మాటల్లేవు. తర్వాత తెలిసింది, వద్దని చెప్పడం కన్నా దాని బదులు ఏమనాలో చెప్తే వింటారని. "అత్తయ్యగారూ, నల్లబడతావు అనకండి, ఎండదెబ్బ తగులుతుంది, టోపీ పెట్టుకుని నీళ్ళు తాగి వెళ్ళు అనండి." ఆవిడకి అది నచ్చింది, ఎందుకంటే ఎండ గురించి ఆవిడ బెంగ నిజమే. ఇప్పుడు ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడే టోపీలు పెడుతోంది. చుట్టాలు వచ్చి "అయ్యో, నల్లబడిపోయిందే పిల్ల" అంటే మాత్రం నేనే అందుకుంటాను, నవ్వుతూనే: "పొడుగయింది పిన్నీ, చూశారా? ఈత కూడా వచ్చేసింది." మాట మళ్ళుతుంది. పిల్ల ముందు మళ్ళించాం కాబట్టి, తన పక్షాన ఒకరున్నారని పిల్లకి తెలుస్తుంది.

తలంటు మాననక్కర్లేదు

నలుగు మానేద్దామా అనుకున్నాను ఒకసారి. మా వారు "పిండి ఏం పాపం చేసింది" అన్నారు. నిజమే కదా. కోనసీమలో పుట్టి కొబ్బరినూనె, కుంకుడుకాయ మానేయడం ఏమిటి? మార్చాల్సింది అది ఎందుకు చేస్తున్నామన్నదే.

ఇప్పుడు ఇలా చేస్తాం. కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో నానబెట్టే పని పాపది, పులుసు పిసికే పని బాబుది. వాడికి ఐదేళ్ళు, మగపిల్లాడికి ఎందుకీ పనులు అనే మాట మా ఇంట్లో చెల్లదు. నూనె నేను గిన్నెలో పోసి ఇస్తాను, ఎవరి ఒంటికి వాళ్ళే రాసుకుంటారు, వీపు ఒక్కటే నేను. రాసుకునేటప్పుడు ఒక్కో చోటు ఆగుతాం. ఈ మోకాలు నిన్న కొబ్బరిచెట్టు ఎక్కబోయి గీరుకుంది, పాపం, దీనికి కొంచెం ఎక్కువ నూనె. ఈ పాదాలు రోజంతా పరిగెత్తాయి. ఈ చెయ్యి లెక్కలు రాసింది. పిచ్చిగా ఉంటుంది వినడానికి, కానీ పిల్లలకి ఇది ఆట. మెల్లగా వాళ్ళ మోకాలి మీద వాళ్ళకే జాలి, ఇష్టం వస్తాయి. నలుగు కూడా నూనె జిడ్డు పోయేదాకానే, ఎర్రగా కందేదాకా కాదు. మే నెలలో చెమటకాయలు పేలినప్పుడైతే అసలు రుద్దం. చెమట బయటికి రాక లోపల అడ్డుపడితే పేలేవి అవి, చన్నీళ్ళు పోసి, పల్చటి నూలుబట్ట వేసి, ఫ్యాను కింద కూర్చోబెడితే చాలు. కుంకుడు పులుసు పడి కళ్ళు మండితే నాలిక మీద ఉప్పుకల్లు పెట్టుకోమంటుంది మా అమ్మ, పని చేస్తుందో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగుతుంది.

మా పాపది ఉంగరాల జుట్టు. పొడి జుట్టుకి కుదుళ్ళ నుంచి కిందకి ఈడ్చి దువ్వితే ఏ పిల్లయినా తన జుట్టుని తిట్టుకుంటుంది. నూనె రాసి, పెద్దపళ్ళ దువ్వెనతో కింద కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి వెళ్ళాలి. ఇంత చిన్న సంగతి నాకు ముప్ఫై ఏళ్ళకి తెలిసింది. అప్పటిదాకా లోపం జుట్టులో ఉందనుకున్నాను.

"రుద్దితే ఎందుకు పోదు?" అని పాప అడిగినప్పుడు చెప్పిన జవాబు ఇది. మన చర్మంలో మెలనిన్ అనే రంగు తయారుచేసే కణాలుంటాయి. తెల్లగా ఉన్నవాళ్ళకీ నల్లగా ఉన్నవాళ్ళకీ ఆ కణాలు ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటాయి, కాకపోతే కొందరివి ఎక్కువ మెలనిన్ తయారుచేస్తాయి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు లోపలికి పోయి చెడు చెయ్యకుండా అది గొడుగులా కాస్తుంది. "అయితే నాకు పెద్ద గొడుగు ఉందన్నమాట" అంది. తమ్ముడితో పోల్చి చూసుకుని, వాడిది చిన్న గొడుగని ఏడిపించింది కూడా, అప్పుడు మళ్ళీ వాడి వైపు మాట్లాడాల్సి వచ్చింది.

క్రీముల గురించి ఒక్క మాట. పిల్లలకి తెల్లబడే క్రీములు పూయకండి. కొన్నిట్లో పాదరసం ఉంటుంది, కొన్ని అసలు స్టెరాయిడ్ మందులు, పూసినన్నాళ్ళు మెరిసినట్టుండి, తర్వాత చర్మం పల్చబడి, మానేస్తే ఎర్రగా పేలిపోతుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన వచ్చినా, మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు.

"స్కిన్ కలర్" అనే క్రేయాన్

రంగుల డబ్బాలో లేత గులాబీ రంగు ముక్కని పిల్లలు "స్కిన్ కలర్" అంటారు. ఎవరి స్కిన్? ఆ రోజు క్రేయాన్లు పక్కనపెట్టి నీళ్ళరంగులు తీశాం. గోధుమరంగు, పసుపు, కొంచెం ఎరుపు, చుక్క నలుపు కలుపుకుంటూ, మోచెయ్యి పక్కన పెట్టి చూసుకుంటూ, ఎవరి రంగు వాళ్ళు తయారుచేసుకోవాలి. గంట పట్టింది. నా చేతి లోపలి వైపు ఒక రంగు, పై వైపు ఇంకో రంగు అని నాకూ అప్పుడే తెలిసింది. తర్వాత పేర్లు పెట్టుకున్నాం. మా వారు తాటిబెల్లం. బాబు ఎండుకొబ్బరి పీచు. నేను ఆగస్టులో గోదారి, అంటే వరద వచ్చి పులస ఎదురీదే రోజుల్లో ఉండే ఎర్రనీరు. పాప చాలాసేపు ఆలోచించి "నీళ్ళు పెట్టిన చేను" అంది. దమ్ము చేసిన మడి మట్టి రంగు. డెల్టా అంతా అన్నం తినేది ఆ మట్టి వల్లే. ఆ మాట నేను అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

బొమ్మల సంగతి ఇక్కడే చెప్తాను. అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టులు, భార్యాభర్తలు, 1940ల్లో ఒక పరిశోధన చేశారు. రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మల్ని మూడు నుంచి ఏడేళ్ళ నల్లజాతి పిల్లల ముందు పెట్టి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మే మంచిదన్నారు. చివర్లో "నీలా ఉండే బొమ్మ ఏది?" అని అడిగితే కొందరు ఏడ్చేశారు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు వేరు బడులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1954లో చెప్పిన తీర్పులో ఈ పరిశోధననీ లెక్కలోకి తీసుకుంది. నన్ను పట్టుకున్న విషయం ఏమిటంటే, క్లార్క్ దంపతులు ఆ పిల్లలకి ఆత్మవిశ్వాసం క్లాసులు పెట్టండని ఊరుకోలేదు, బడినే మార్చాలన్నారు.

మన దగ్గర ఇది రంగుతో ఆగదు

"మీరేవిట్లు?" అని అడుగుతారు, అంటే మీ కులమేమిటని. లేదా ఇంటిపేరు అడుగుతారు, అదీ దొరక్కపోతే "ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు? రామాలయం దగ్గరా, కాలవ అవతలా?" అంటారు. ఆరేళ్ళ పిల్లకి కూడా ఈ ప్రశ్న వస్తుంది, పుట్టినరోజు పార్టీల్లో, ట్యూషన్లో, బస్సులో. మేం దీన్ని ఇంట్లో నాటకంలా ఆడతాం. మా వారు మీసం మెలేసి బస్సులో పెద్దాయనవుతారు. "ఏం పాపా, మీరేవిట్లు?" మా పాప మూడు జవాబులు తయారుచేసుకుంది. ఒకటి: "నా పేరు ఫలానా అండి, మూడో తరగతి." రెండోది: "ఎందుకండీ?" ఇది అంటున్నప్పుడు మర్యాద తగ్గకూడదు, నవ్వకూడదు. మూడోది, కులం పేరు సూటిగా చెప్పేయడం, తల దించుకోకుండా. ఏది ఎప్పుడు వాడాలో తనిష్టం. దాచుకోమని నేను చెప్పను, చెప్పి తీరాలనీ చెప్పను. బయటపెడితే దెబ్బ తగిలే చోట్లు ఉన్నాయి, ఆ లెక్క పిల్లల కన్నా మనకే బాగా తెలుసు.

చరిత్ర చెప్పాలి, కానీ ఏడుపు కథలా కాకుండా. మా అమ్మమ్మ చెప్పేది, కాలవలో మా రేవు అందరికన్నా కింద ఉండేదట, పైవాళ్ళు స్నానాలు చేసి, గేదెల్ని కడిగి వదిలిన నీళ్ళు మాకు వచ్చేవట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలవలకి కాటన్ దొరని తలుచుకుంటాం గానీ, రేవుల్ని పంచుకున్నది మాత్రం మనవాళ్ళే. ఇది విని పాప అడిగిన ప్రశ్న: "మరి అమ్మమ్మమ్మ ఏం చేసింది?" పిల్లలకి కావలసింది అదే, మనవాళ్ళు ఏం చేశారు అని. తెల్లారుజామున అందరికన్నా ముందు లేచి, పై రేవుల్లో ఎవరూ దిగకముందే మంచినీళ్ళు పట్టుకొచ్చేదట. తర్వాత 1927లో మహారాష్ట్రలో, అంటరానివాళ్ళని ముట్టనివ్వని మహద్ ఊరి చెరువు దగ్గర అంబేద్కర్ వేలమందితో వెళ్ళి నీళ్ళు తాగిన కథ చెప్పాను. రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని తీసేసిందని కూడా. "అయితే అది తప్పా, నేరమా?" నేరమే అన్నాను. ఆ తేడా పిల్లలకి చాలా ముఖ్యం.

2022 మేలో మా కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు, నెట్ లేక, బయటికి వెళ్ళలేక, టెన్షన్‌తో కూర్చున్నాం. "ఆ తాత పేరంటే ఎందుకు కోపం?" అని అడిగింది పాప. నాకు జవాబు రాలేదు. "కొంతమందికి కోపంగా ఉంది, మనం తలుపు వేసుకుని ఇంట్లో ఉన్నాం, నాన్న ఇక్కడే ఉన్నాడు" అని చెప్పి, అన్నం కలిపి పెట్టి, పక్కన పడుకోబెట్టుకున్నాను. అలాంటి రోజుల్లో పిల్లలకి పాఠాలు వద్దు. అన్నం, నిద్ర, పక్కన ఒక మనిషి. జిల్లా బోర్డు మీద ఆ పేరు చూసినప్పుడు ఇప్పుడు మా బాబు పైకే చదువుతాడు, కూడబలుక్కుంటూ.

ఎవరైనా అన్నప్పుడు

పిల్ల ఏడుస్తూ వచ్చి "నన్ను కర్రిపిల్ల అన్నారు" అని చెప్పిందనుకోండి. మన నోట్లోకి వచ్చే మొదటి మాట "నువ్వేం నల్లగా లేవులే". అది అనకండి. అంటే నల్లగా ఉండడం చెడ్డదని మనమూ ఒప్పుకున్నట్టే. రెండోది "పట్టించుకోకు". ఆ మాటతో పిల్ల ఇంకోసారి చెప్పడం మానేస్తుంది, అంతే. ముందు దగ్గరికి తీసుకుని ఎవరు, ఎక్కడ, తర్వాత ఏమైంది అని తాపీగా అడగండి. ఏడవనివ్వండి. "వాడు అన్నది తప్పు. నీ తప్పేం లేదు. నేను మాట్లాడతాను." నాకు తెలిసి ఈ మూడు మాటలు చాలు. తర్వాత నిజంగా వెళ్ళి మాట్లాడాలి మరి.

మూడో రకం జవాబు ఒకటుంది, దాంతో నాకు చాలా పేచీ. "నువ్వు ఫస్ట్ ర్యాంకు తెచ్చి చూపించు, వాళ్ళే నోరు మూసుకుంటారు." మా నాన్నగారు నాకు ఇదే చెప్పేవారు. ఆయన హాస్టల్లో ఉండి చదువుకుని టీచరయ్యారు, ఊళ్ళో లేచి నిలబడి నమస్కారం పెట్టినవాళ్ళూ ఉన్నారు, కాబట్టి ఆ మాట అబద్ధమని అనలేను. కానీ నేను పదో తరగతిలో సెకండ్ వచ్చిన రోజు ఇంటికి వెళ్ళడానికి భయపడి రేవు దగ్గర చీకటిపడేదాకా కూర్చున్నాను. పిల్లకి గౌరవం ర్యాంకుతో కొనుక్కునే వస్తువు కాకూడదు. చదువు వేరు, ఇది వేరు. మా పాపకి లెక్కల్లో పన్నెండు వచ్చినా ఆదివారం తలంటు తలంటే.

స్కూలుకి వెళ్ళేటప్పుడు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: తేదీ, అన్న మాట యథాతథంగా, ఎవరి ముందు అన్నారు. మనకేం కావాలో కూడా. నేను డాన్సు విషయంలో వెళ్ళినప్పుడు రెండే అడిగాను. వరసలు ఎత్తుని బట్టి పెట్టండి, మొహాలకి తెల్ల పౌడరు వెయ్యకండి. "అబ్బే, మేం అలా ఎందుకంటామండీ" అన్నారు మొదట. కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం అడిగితే కొంచెం ఆలోచించారు. వరసలు మారాయి. పౌడరు మారలేదు. ఆ రోజు స్టేజీ మీద పిల్లలందరూ ముగ్గుపిండిలో పడి లేచినట్టున్నారు. సగం గెలుపు. కులం పేరుతో తిట్టినా, అన్నం దగ్గర విడిగా కూర్చోబెట్టినా మాత్రం అది సర్దుకుపోయే విషయం కాదు, దానికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

అవతలి ఇళ్ళలో ఉన్నవాళ్ళకి

ఇది చదువుతున్న అందరూ మా పేటవాళ్ళే కానక్కర్లేదు. మీ పిల్లలు ఎవరితోనూ మాటపడి ఉండకపోవచ్చు, కానీ మీ వంటింట్లో పనమ్మాయి గ్లాసు కిటికీలో బోర్లించి విడిగా ఉంటే, మీ నాలుగేళ్ళ పిల్లాడు ఆ పాఠం నేర్చేసుకున్నాడు. ముందు ఆ గ్లాసు తీసి అన్ని గ్లాసుల్లో కలపండి, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా. ఆవిడని పేరుతో కాకుండా అక్క అనో పిన్ని అనో పిలిపించండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు కులం అడక్కుండా అన్నం పెట్టారని చెప్పుకుంటాం, 2024 నుంచి బడిలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. అదే భోజనం ఎవరు వండారో తెలుసుకుని క్యారియర్ పంపించే ఇళ్ళు కూడా మన దగ్గరే ఉన్నాయి.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వాడి కొడుకుని అక్కడి బడిలో రంగు పేరుతో ఏదో అన్నారని వాడు ఫోన్లో బాధపడ్డాడు. పది నిమిషాల తర్వాత అదే ఫోన్లో, వాళ్ళు ఇల్లు కొందామనుకున్న వీధి గురించి "అటువైపు నల్లోళ్ళు ఎక్కువక్కా" అన్నాడు. నేను ఆగి, "నీ కొడుకు పక్కనే ఉన్నాడా?" అన్నాను. ఉన్నాడట. 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు చంపిన తర్వాత లేచిన నిరసనల్లోనే ఇక్కడ ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. అక్కడివాళ్ళ పోరాటంలోంచి మనకి ఆ మాత్రం వచ్చింది, వాళ్ళ గురించి మన ఇళ్ళలో మాట మాత్రం మారలేదు.

ఫోన్లో బ్యూటీ మోడ్ తీసేయండి. ఇది రెండు నిమిషాల పని. తీయకపోతే పిల్లలు ఫోటోలో ఒకరు, అద్దంలో ఒకరు. అద్దం కూడా వాళ్ళ ఎత్తుకి దించి కొట్టండి, మాది గోడకి మరీ పైన ఉండేది, పాపకి నుదురు ఒక్కటే కనిపించేది.

మొన్న తొమ్మిదో పుట్టినరోజుకి ఫ్లెక్సీ వేయించమని గోల. మా వైపు ఫ్లెక్సీ లేని ఫంక్షన్ ఉండదు కదా. షాపులో కుర్రాడు ఫోటో తెరిచి, అడక్కుండానే మొహం మీద మౌస్ తిప్పేస్తున్నాడు, ఒక్కో గీతకి పిల్ల పాలిపోతోంది.

"బాబూ, తెలుపు చెయ్యకు."

"ఏం చెయ్యకపోతే ఇలాగే వస్తదండి, మేడమ్."

"ఆయ్, ఇలాగే రావాలి" అంది పాప, నాకన్నా ముందు.

రంగు సరిగ్గానే వచ్చింది. పేరులో ఒత్తు మాత్రం తప్పు పడింది, దాని మీద కాగితం ముక్క అంటించి కట్టాం.